రోగి ప్రక్కన నేర్చు విద్య

ఎం.బి.బి.ఎస్. విద్యార్థి రెండవ సంవత్సరమునుండి వార్డులో అడుగు పెట్టును. కొన్ని వారములు మెడిసిన్, కొన్ని వారములు సర్జరీ, పిదప కాన్పులు, పిల్లల జబ్బులు, కండ్లు, చెవులు. ఇట్లు వంతులవారీగా తిరుగుటనే విద్యార్థులు పోస్టింగులందురు. చివరి పరీక్ష గడిచిన పిమ్మట హౌస్ సర్జన్‌గా 12 నెలలు మరల ఇదే ప్రదక్షిణము. జాతీయ వైద్య కమిషన్ 2021 నియమావళి అందులో సామాజిక వైద్యమునకు 12 వారములు, ప్రసూతి, స్త్రీ వైద్యమునకు 7, మెడిసిన్‌కు 6, సర్జరీకి 6 కేటాయించినది. ఈ చక్రము నడుమ ఆగిపోయినచో తిరిగి త్రిప్పుట ఎట్లు?

1939లో యుద్ధము రాగానే బాంబుల భయమున లండను పరిసరములను వైద్యసేవకై 10 మండలములుగా విభజించి, పెద్ద ఆసుపత్రుల సిబ్బందిని ఊరి వెలుపలికి తరలించిరి. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వైద్యశిక్షణ సెయింట్ ఆల్బన్స్ చెంతనున్న హిల్ ఎండ్ అను మానసిక చికిత్సాలయమునకు మారినది. క్రింది తరగతులవారు కేంబ్రిడ్జికి పోయిరి. రోగి ఎచ్చటికి పోయిన విద్యార్థి అచ్చటికి పోయెనన్న మాట.

2020లో ఆ ఉపాయము పనిచేయలేదు. అపాయము వార్డులోనే యుండెను. ఆ మార్చి 17న అమెరికా వైద్య కళాశాలల సంఘము విద్యార్థులను రోగులకు దూరముగా నుంచుమని సలహా యిచ్చినది. మన దేశమునను కళాశాలలు మూతపడి పాఠములు తెరమీదికి వచ్చెను. 2021 మే నెలలో చివరి సంవత్సరపు విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణలో ఫోను సలహాలకు, స్వల్ప లక్షణములున్న కోవిడ్ రోగులను కనిపెట్టుటకు వినియోగింపవచ్చునని కేంద్ర ప్రభుత్వము అనుమతించినది. హౌస్ సర్జన్లు కోవిడ్ వార్డులలో నిలిచిరి. వారి సేవ గొప్పది. అయినను అక్కడ గడచిన వారము ప్రసూతి వార్డులో గడపవలసిన వారమునకు బదులు కాజాలదు.

మేము ధ్వనిని పంపి జీవించువారము. కనుక ధ్వనికి గల హద్దు మాకు కొంత తెలియును. గుండె చప్పుడులోని దోషమును రికార్డు చేసి వేయిమందికి వినిపింపవచ్చును. కాని స్టెతస్కోపు ఎచట నుంచవలెనో, ఎంత అదుమవలెనో ఆ రికార్డు చెప్పదు. "ఎక్కడ నొప్పి, అమ్మా?" అని అడిగి పొట్టపై చేయి వేసినప్పుడు ఆమె ముఖము ముడుచుకొనుటను చూచి చేయి తేలిక చేయుట ఏ ప్రసారమువలనను రాదు.

2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్‌పై రష్యా దాడి ఆరంభమైనప్పుడు తిరిగివచ్చిన వైద్య విద్యార్థులలో మన తెలుగువారును కలరు. చైనాలో చదువుచు 2020లో ఇల్లు చేరి మరల పోలేక చిక్కినవారు అంతకు ముందే యుండిరి. సుప్రీంకోర్టు ఆదేశముపై జాతీయ వైద్య కమిషన్ 2022 జూలై 28న ఒక మార్గము చూపినది: చివరి సంవత్సరములో నుండి వచ్చి, జూన్ 30లోపల పట్టా పొందినవారు విదేశీ పట్టభద్రుల పరీక్షలో నెగ్గినచో, ఒక ఏడాదికి బదులు రెండేండ్లు హౌస్ సర్జన్సీ చేయవలెను. ఆ సెప్టెంబరులో యుక్రెయిన్ విద్యార్థులు వేరు దేశపు విశ్వవిద్యాలయములలో చదువు కొనసాగించుటకు కమిషన్ అభ్యంతరము లేదన్నది. 2023 మార్చిలో మరికొందరికి ఎం.బి.బి.ఎస్. చివరి పరీక్షలు వ్రాయు అవకాశము వచ్చినది. వారికిని రెండేండ్లే, అందు మొదటి ఏడు భృతి లేనిది.

అప్పుచేసి పంపిన తండ్రికి ఇది బరువే. అయినను అదనపు శిక్షణ అన్యాయమని మేమనజాలము. రేపు ఆ చేతిక్రిందికి వచ్చు రోగికి బాంబుల కథతో పనిలేదు. మా అభ్యంతరము వేరు. రెండేండ్లను కాలముగా మాత్రము లెక్కించిన చాలదు. పిల్లల వార్డు చూడనివానికిని, కాన్పుల గది చూడనివానికిని ఒకే వంతుల పట్టిక ఇచ్చుట ఎందులకు? మొదటి దినముననే లాగ్‌బుక్కు ముందుంచుకొని, తప్పిపోయినదేదో గుర్తించి, అచట ఎక్కువ వారములు వేయవలెను. పెద్ద ఆసుపత్రిలో ఒక మంచముచుట్టు 20 మంది నిలిచిన, వెనుకవారికి కనబడునవి ముందువారి వీపులే. అట్టివారిని ఐదారుగురి జట్లుగా జిల్లా ఆసుపత్రులకు పంపి, సాయంకాలపు రౌండ్లలోను పాల్గొననిచ్చి, ప్రతి జట్టుకును సంతకము చేయు ఒక సీనియరును నియమింపవచ్చును. ఆ సంతకము హాజరుకు కాక, తన కన్నుల యెదుట చేయించిన పనికి పెట్టినదై యుండవలెను.