గుండుకూ గుండుకూ నడుమ

నల్లగొండ సీమలో రజాకార్ల నాటి ముచ్చట్లు వచ్చినప్పుడు పెద్దల నోట ఒక మాట తప్పక దొర్లుతుంది: భర్మారు. మోత్కూరు మొదలు జనగామ దాకా పాత తరానికి సుపరిచితమైన మాట అది. నాడు ఇవన్నీ ఒకే నల్లగొండ జిల్లాలోని ఊళ్ళు. 2016లో జరిగిన పునర్విభజనతో మోత్కూరు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఎల్లలు మారినవి గాని ఆ మాట మాసిపోలేదు. అయితే నేటి విద్యార్థికి దాని అర్థం తెలియదు.

ఆయుధపు స్వరూపమంతా ఆ పేరులోనే ఉన్నది. హిందుస్థానీలో 'భర్' అనగా నింపు, 'మార్' అనగా కొట్టు. నింపి కొట్టేది భర్మారు. తుపాకిని నిలబెట్టి గొట్టపు మూతిలో మందు పోయవలె. గుండు వేయవలె. పొడుగాటి కడ్డీతో కూరవలె. వెనుక నిప్పు పుట్టే చోట చిన్న రాగి టోపీ తొడగవలె. అప్పుడు గాని ఒక్క దెబ్బ పడదు. రెండవ దెబ్బకు మళ్ళీ మొదటినుండి రావలసినదే. గుండుకూ గుండుకూ నడుమ ఆరితేరిన చేతికైనా కొంత వ్యవధి తప్పదు. వేటలో ఆ వ్యవధిలో దక్కకుండా పోయేది జింక. పోరులో దక్కకుండా పోయేది ప్రాణం.

ఈ వ్యవధిని జయించడానికి పాశ్చాత్య దేశాలలో జరిగిన కృషి ఒక చిత్రమైన కథ. అమెరికాలో శామ్యూల్ కోల్టు 1836లో తన రివాల్వరుకు పేటెంటు పొందినాడు. రివాల్వరు అనగా తిరిగేది. గుండ్రని సిలిండరులో అయిదారు గదులుంటవి. ఒక్కొక్క గదిలో ముందుగానే మందూ గుండూ నింపి పెట్టుకుంటే, గది వెనుక గది గొట్టానికి ఎదురుగా వచ్చి వరుసగా పేలుతుంది. వ్యవధి తగ్గినది గాని తీరలేదు. ఆరు గుండ్లూ అయిపోయిన పిమ్మట ఆ వీరుడు తిరిగి మందు పోసుకొనుచూ కూర్చోవలసినవాడే. ఒక్క మాటలో చెప్పవలెనంటే, కోల్టు రివాల్వరు ఆరు భర్మార్లను ఒక్కచోట కట్టిన కట్ట.

మందూ గుండూ టోపీ మూడింటినీ ఒకే లోహపు గుల్లలో బిగించి వెనుకనుండి దూర్చగలిగితే చిక్కు తీరుతుంది. అదే తూటా. దానికి సిలిండరు గదులు ఈ కొస నుండి ఆ కొసకు తొలిచి ఉండవలె. ఈ ఊహకు 1855లో పేటెంటు పొందినవాడు రోలిన్ వైట్; కోల్టు కర్మాగారంలో పనిచేసినవాడే. ఆ హక్కును స్మిత్, వెస్సన్ అను ఇద్దరు పొంది, తుపాకి ఒక్కింటికి 25 సెంట్ల చొప్పున అతనికి చెల్లించుటకు ఒప్పుకున్నారు. 1857లో వారి తొలి రివాల్వరు వెలువడినది. కోల్టు సంస్థకు మాత్రం ఆ దారి మూసుకుపోయినది. 1861 నుండి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు మందూ గుండూ కూరే పాత రివాల్వర్లతోనే ఎక్కువగా పోరాడినారు.

1869లో ఆ పేటెంటు గడువు తీరినది. అప్పటికి కోల్టు సంస్థ వద్ద పాత రకపు భాగాలు కుప్పలుగా పడి ఉన్నవి. వాటిని పారవేయక, సంస్థలో ఇంజనీరుగా ఉన్న చార్లెస్ రిచర్డ్స్ మార్పుచేసే పద్ధతి ఒకటి కనిపెట్టినాడు. 1871లో దానికి పేటెంటు లభించినది. సిలిండరు వెనుక భాగాన్ని తొలగించి, ఆ చోట ఒక లోహపు వలయాన్ని అమర్చినారు. తూటాలు దూర్చడానికి పక్కన చిన్న తలుపు పెట్టినారు. గుండును కూరే మీట ఉన్న చోట ఖాళీ గుల్లను వెలికి నెట్టే కడ్డీ వచ్చినది. చూడడానికి అదే పాత పిస్తోలు; పనిలో మాత్రం కొత్తది. 1873లో కోల్టు సరికొత్త రివాల్వరును తెచ్చేవరకు ఈ మార్పిడి ఆయుధాలే ఆ సంస్థను నడిపించినవి.

ఈ మార్పులో చేకూరిన లాభం అందరికీ కనిపించేదే. జరిగిన నష్టం మాత్రం తరచి చూస్తే గాని కనిపించదు. పాత తుపాకికి సీసాన్ని నిప్పుల మీద కరిగించి, అచ్చులో పోసి ఎవరి గుండ్లు వారే చేసుకోగలిగేవారు. మన పల్లెలలోనూ అంతే. పాటిమన్ను కడిగి సూరేకారం తీసేవారున్నారు, బొగ్గుకు కొదువలేదు, గంధకం అంగడిలో దొరికేది. తూటా అట్లా కాదు. అది యంత్రం చేయవలసిన సరకు. తూటా లేని తుపాకి ఇనుప కర్రతో సమానం. తూటా చేసేవాడు ఎవడో, తుపాకికి నిజమైన యజమాని వాడే.

ఈ మర్మాన్ని మన దేశాన్నేలిన ఆంగ్లేయులు బాగుగా గ్రహించినారు. 1857 తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డు తుపాకి మూతినుండి మందు పోసేదే. కొవ్వు పూసిన దాని కాగితపు తూటాయే సిపాయిల ఆగ్రహానికి వెంటనే కనిపించిన కారణమైనది. 1866లో జేకబ్ స్నైడర్ పద్ధతిని అనుసరించి ఆ ఎన్‌ఫీల్డులనే వెనుక భాగం కోసి, లోహపు తూటాకు అనువుగా మార్చినారు. నిమిషానికి మూడు మార్లు పేలే తుపాకి పది మార్లు పేలసాగినది. అయితే ఆ మార్పు ముందుగా దక్కినది తెల్ల సైనికులకే. వారికి మార్టినీ హెన్రీ తుపాకులు వచ్చిన తరువాతనే భారతీయ సైనికులకు స్నైడర్లు అందినవి. ఒక తరం వెనుకటి ఆయుధాన్ని మాత్రమే ఈ దేశీయుని చేతికివ్వడం నాటి రాజనీతి. 1878 నాటి ఆయుధాల చట్టం సామాన్య ప్రజలకు అనుమతి పత్రం లేనిదే ఆయుధం ఉండరాదన్నది.

ఆ రాజనీతికి తన తీరున బదులు చెప్పినవాడు అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి జరిగినది. మన్యం విల్లంబులకు తోడుగా 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కినవి. తుపాకులతోపాటు తూటాలనూ ఎత్తుకుపోవడంలోనే రాజు యుద్ధవిజ్ఞత తెలుస్తున్నది. కాని పేలిన తూటాను తిరిగి పుట్టించే కర్మాగారం అడవిలో లేదు కదా!

మళ్ళీ నల్లగొండకు వద్దాము. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల తుపాకి గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. నాడు ప్రజల చేతుల్లో ఉన్నవి గుతుపలు, వడిసెలలు. స్త్రీల చేతుల్లో రోకళ్ళు, కారపు పొడి. సాయుధ పోరాటం సాగిన కొద్దీ భర్మార్లు వచ్చి చేరినవి. ఎదుట రజాకార్లు, నిజాం సైనికులు. వారి వద్ద తూటాల తుపాకులు.

మోత్కూరుకు ఉత్తరపు దిక్కున, నాటి జనగామ తాలూకాలో బైరాన్‌పల్లి అనే ఊరున్నది. నేడది సిద్దిపేట జిల్లాలోనిది. ఊరి నడుమ ఎత్తైన బురుజు. దానిమీద కాపలా కాసి, భర్మార్లతో గ్రామస్థులు అంతకుముందు వచ్చిన రజాకార్లను తరిమివేసినారు. ఒకడు కాల్చుచుండగా మరొకడు మందు కూరి ఇస్తే, ఎత్తైన చోట భర్మారు కూడా బలమైన ఆయుధమే. గుండుకూ గుండుకూ నడుమ ఉన్న వ్యవధిని వారు యంత్రంతో పూరించలేదు. ఒకరికొకరు తోడుండి పూరించినారు.

1948 ఆగస్టు 27న రజాకార్లూ నిజాం సైనికులూ పెద్దయెత్తున ఫిరంగితో వచ్చినారు. బురుజు మీది భర్మారు ఆ దూరాన్ని అందుకోలేదు. ఊరు లొంగినది. ఎనభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. పట్టుబడినవారిని వరుసగా నిలబెట్టి కాల్చివేసినారు. సరిగా మూడు వారాలకు, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వం భారత సైన్యానికి లొంగిపోయినది.

ఆ బురుజు ఇంకను నిలిచియున్నది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళే ఉపాధ్యాయుడు తేదీలతో సరిపుచ్చక, భర్మారు అన్న మాటను విడదీసి చెప్పవలె. నింపడానికి ఎంత సేపు పట్టేదో వారినే లెక్కించమనవలె. ఆ కాస్త వ్యవధిలో ఎదుటివాని తుపాకి ఎన్ని మార్లు పేలగలదో కూడా లెక్కించమనవలె. ఆ లెక్క తెలిసికూడా బురుజు ఎక్కినవారు ఎట్టివారో అప్పుడు పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.