ఆయిల్ తాగే కారు

"పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తాగుతుందట బావా!" రోటరీ ఇంజన్ ఉన్న పాత కారు కొంటున్నానంటే మా బావమరిది అన్న మాట. తెలుసు, తెలిసే కొన్నాను. మీటర్లో ఎర్రగీత 9000 దగ్గరుంటే ఆగేదెలా చెప్పండి?

ఇందులో పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు లేవు. పొట్ట ఉబ్బిన త్రికోణంలాంటి రోటరు గదిలో గిరగిరా తిరుగుతుంది. షాఫ్టు 9000 చుట్లు తిరిగితే రోటరు తిరిగేది 3000 చుట్లే. అందుకే అంత వేగంలోనూ వణుకుండదు. భారమంతా మూడు మూలల్లోని సన్నని సీళ్ల మీదే. అవి గోడను రాసుకుంటూనే మంటను పక్క గదిలోకి పోనివ్వకూడదు. తడారితే అరిగిపోతాయని ఇంజనే కొంచెం కొంచెం ఆయిల్ లోపలికి చల్లి కాల్చేస్తుంది. మా బావమరిది అన్న తాగుడు ఇదే.

1960ల్లో మాజ్దా ఇంజనీర్లు ఆ గోడల మీద పడ్డ గీతలను దయ్యం గోళ్ల గుర్తులనేవారు. 1991లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన వాళ్ల 787బి ఇంకా పైకి లాగగలదు. అయినా చివరిదాకా బతకాలని 9000 దగ్గరే ఆపారు.

నా తప్పు వేరే. ముసలి ఇంజన్ కదా అని మరీ గారం చేశాను. పాల ప్యాకెట్టుకి మెల్లగా వెళ్లడం, వేడెక్కకముందే ఆపేయడం. మసి పేరుకుని సీళ్లు బిగుసుకున్నాయి. ఇప్పుడు వేడి మీద ఆపితే మళ్లీ స్టార్టవదు. విప్పి బాగుచెయ్యాలంటే కారు ఖరీదు దాటుతుంది.

అమ్మేయమని మా ఆవిడ అన్నప్పుడల్లా గరాజులోకెళ్లి ఆయిల్ ఎంతుందో చూసొస్తున్నాను.