అమ్మ మూలకి వెలుగొచ్చింది!

సినిమా హాల్లో ఆటకి ముందు సీలింగు అంచున దాగిన లైట్లు మెల్లగా ఆరుతుంటే గుండె ఝల్లుమంటుంది కదూ! మోకాళ్ల నొప్పులతో హాలుకి రాలేని అమ్మ కోసం ఆ ముచ్చట ఇంట్లోనే తీర్చాలనుకున్నాను.

ఫాల్స్ సీలింగు అంచులో 12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీలు, 5 మీటర్లవి రెండు, ఒకదాని చివర మరొకటి కలిపాను. స్విచ్ వేస్తే ఈ కొసన హీరో వెలుగు, ఆ కొసన ఎక్స్‌ట్రా వెలుగు!

"ఏరా, నా మూల కరెంటు పోయిందా?" అంది అమ్మ.

తప్పు నాదే. పట్టీలోని రాగి పొర పల్చన. దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. పవర్ సప్లయి నుంచి రెండింటికీ విడివిడిగా వైర్లు లాగాను. మీటరుకి 14.4 వాట్ల లెక్కన మొత్తం 144. సప్లయి 180 వాట్లది పెట్టాను, ఊపిరాడాలిగా!

మళ్లీ స్విచ్ వేశాను. అమ్మ మూలా వెలిగింది, అమ్మ మొహమూ వెలిగింది.

"ఇక ఆట మొదలెట్టరా!"