యుద్ధానంతరం మానవతా రక్షణ: శ్రీలంకలో ఆచూకీ లేనివారి కుటుంబాలు

సహాయం, రక్షణ – తేడా

సాయుధ సంఘర్షణ నుంచి కోలుకుంటున్న దేశంలో ఆహారం, గుడారాలు, మందులు అందించడాన్ని మానవతా సహాయం అంటాం. ప్రజల ప్రాణాలకు, గౌరవానికి, హక్కులకు భంగం కలగకుండా చూడటాన్ని మానవతా రక్షణ అంటాం. ఆహారం ఆకలి తీరుస్తుంది; కాని ఊరికి తిరిగి వెళ్లే స్వేచ్ఛ, భూమిపై హక్కు, తప్పిపోయినవారి సమాచారం దానితో రావు. ఈ తేడాను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

నేపథ్యం

శ్రీలంకలో 1983లో మొదలైన అంతర్యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. యుద్ధభూమి నుంచి బయటపడిన సుమారు 3 లక్షల మందిని శిబిరాల్లో ఉంచారు. వాటిలో పెద్దదైన మెనిక్ ఫామ్ 2012 సెప్టెంబరులో మూతపడింది. ప్రజలు ఊళ్లకు చేరారు. కాని అనేక కుటుంబాలలో ఒకరి ఆచూకీ తెలియలేదు. 1989 నుంచి అక్కడ పనిచేస్తున్న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి ఇటువంటి అభ్యర్థనలు 16 వేలకు పైగా అందాయి. తప్పిపోయిన భద్రతా సిబ్బంది కుటుంబాలూ వీటిలో ఉన్నాయి. బాధితులు ఏ పక్షంవారని చూడకపోవడమే నిష్పాక్షికత.

చట్టంలో చోటులేని స్థితి

భర్త ఆచూకీ తెలియని స్త్రీని చట్టం వితంతువుగా గుర్తించదు. అతని పేరిట ఉన్న భూమి, బ్యాంకు ఖాతా విషయంలో ఆమె అడుగు ముందుకు వేయలేదు. 2010 చట్టం ప్రకారం, ఏడాదికి పైగా ఆచూకీ లేని వ్యక్తి మరణించినట్లు నమోదు చేయించుకోవచ్చు. అయితే ఆ పత్రం తీసుకుంటే బిడ్డ లేక భర్త చనిపోయాడని తామే ఒప్పుకున్నట్లవుతుందని, వెతుకులాట ఆగిపోతుందని చాలామంది భయపడ్డారు.

2016లో చేసిన సవరణ మరో మార్గం చూపింది. మరణ ధ్రువపత్రానికి బదులుగా, వ్యక్తి ఆచూకీ లేదని తెలిపే ధ్రువపత్రం పొందవచ్చు. దాని ఆధారంగా కుటుంబం సంక్షేమ పథకాలకు దరఖాస్తు చేయవచ్చు, ఆస్తి వ్యవహారాలు చూసుకోవచ్చు. అదే ఏడాది, తప్పిపోయిన వ్యక్తుల కార్యాలయం ఏర్పాటుకు చట్టం వచ్చింది.

సారాంశం

ధ్రువపత్రం జీవనానికి తోడ్పడుతుంది. తమవారు ఏమయ్యారన్న ప్రశ్నకు మాత్రం జవాబు కాదు. ఆ జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బాధ్యతను గుర్తుచేస్తూ ఉండటం రక్షణ కృషిలో ముఖ్యభాగం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మానవతా సహాయానికి, రక్షణకు గల తేడా ఏమిటి?
2. మరణ ధ్రువపత్రం తీసుకోవడానికి కుటుంబాలు ఎందుకు వెనుకాడాయి?