వేటగాని పాదరక్షలు

1991వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఆస్ట్రియా ఇటలీ దేశముల సరిహద్దున గల ఆల్ప్స్ పర్వతములలో, కరగుచున్న మంచు నుండి ఒక మానవ కళేబరము బయటపడినది. అది సుమారు 5300 సంవత్సరముల క్రితము జీవించిన వానిది. వాని చెంత విల్లును, అమ్ములపొదియు ఉండెను. వాని జోళ్లు కూడ లభించినవి. వాటి అడుగుభాగము ఎలుగుబంటి తోలు, పైభాగము జింకతోలు, లోపల నారతో అల్లిన వలలో ఎండుగడ్డి కూరబడియుండెను.

ఆ గడ్డి నిరర్థకమైనది కాదు. గడ్డిపోచల నడుమ చిక్కుకొనిన గాలి కదలక నిలిచియుండును. కదలని గాలి ఉష్ణమును మిక్కిలి తక్కువగా ప్రసరింపజేయును. ఉష్ణవాహకత అను పేరు పుట్టుటకు వేల సంవత్సరములకు పూర్వమే ఆ కొండవాడు దాని నుపయోగించుకొనెను. నేటి వేటగాని బూటులో గడ్డికి బదులు కృత్రిమ తంతువుల పొర ఉండును. పేరు మారినది గాని, సూత్రము మారలేదు.

బాటసారి పాదరక్షకు లేని చిక్కొకటి వేటగాని పాదరక్షకు కలదు. ఉత్తర అమెరికాలో శరదృతువు చివర లేడివేటకు పోవువాడు తెల్లవారకముందే కొండ యెక్కును. అపుడు శరీరము వేడెక్కి, పాదములు చెమర్చును. పిదప ఒకచోట అలికిడి లేకుండ గంటల తరబడి కూర్చుండును. అపుడు శరీరములో ఉష్ణోత్పత్తి తగ్గిపోవును. నడచునపుడు వేడిని బయటకు విడువవలెను. కూర్చున్నపుడు వేడిని లోపల నిలుపవలెను. ఒకే బూటు ఈ రెండు పనులను చేయవలెను. ఇందు పొరపాటు జరిగినచో పోవునది సౌకర్యము మాత్రమే కాదు, కాలివ్రేళ్లే పోవచ్చును.

తడి చేయు కీడు

నీరు గాలికంటె సుమారు 24 రెట్లు అధికముగ ఉష్ణమును ప్రసరింపజేయును. కావున మేజోడు తడిసినచో అది కప్పు గాక, వేడిని తోడివేయు సాధనమగును. చలి తగిలినపుడు శరీరము గుండె మొదలగు ముఖ్యావయవముల వేడిని కాపాడుటకై కాలుసేతులలోని రక్తనాళములను ముడుచుకొనజేయును. పాదమునకు రక్తము తగ్గును. రక్తముతోపాటు వెచ్చదనమును, ప్రాణవాయువును తగ్గును. మొదటి ప్రపంచ యుద్ధమున (1914-18) బురద నిండిన కందకములలో దినముల తరబడి నిలిచిన సైనికుల పాదములు వాచి, స్పర్శజ్ఞానము కోల్పోయి, కొందరికి కుళ్లిపోయినవి. ఈ వ్యాధికి నీరు గడ్డకట్టునంతటి చలి అవసరము లేదు; తడి, చల్లదనము, కదలిక లేమి కలిసిన చాలును.

ఈ తడి వెలుపలి నుండియే రానక్కరలేదు. శరీరమున చెమటగ్రంథులు మిక్కిలి దట్టముగ నుండు చోట్లలో అరికాలు ఒకటి. నీటిచుక్క దూరని రబ్బరు బూటు చెమటను కూడ బయటకు పోనీయదు. వాననుండి తప్పించుకొనిన పాదము తన చెమటలోనే నానును.

మెయిను రాష్ట్రపు కథ

అమెరికాలోని మెయిను రాష్ట్రమున లియాన్ లియన్‌వుడ్ బీన్ అను వేట ప్రియుడు తడిసి చలికి కొంకర్లు పోయిన కాళ్లతో అడవి నుండి తిరిగివచ్చి, ఈ చిక్కును గూర్చి ఆలోచించెను. అడుగున బురద, నీరు. కనుక అక్కడ రబ్బరు కావలెను. పైన మడమ వంగవలెను, చెమట పోవలెను. కనుక అక్కడ తోలు కావలెను. రబ్బరు అడుగునకు తోలు పైభాగమును కుట్టించి, 1912లో ఆ బూట్లను టపా ద్వారా అమ్మెను. మొదట అమ్మిన 100 జతలలో 90 జతలు తిరిగి వచ్చినవి! తోలును రబ్బరును కలుపు కుట్టు వద్ద రబ్బరు చినిగిపోయెను. బీన్ అందరికిని డబ్బు తిరిగి చెల్లించి, అప్పు తెచ్చి, మేలైన రబ్బరు అడుగులను చేయించి మరల ప్రారంభించెను. అట్టి బూట్లు నేటికిని తయారగుచున్నవి.

ఈ కథలో కొనువారికి ఒక పాఠము కలదు. బూటు సాధారణముగ పదార్థము నడుమ చెడదు. రెండు పదార్థములు కలియు చోటనే చెడును. కనుక కొనునపుడు మొదట చూడవలసినది కుట్లను, అతుకులను.

తోలు, పలుచని పొర

పచ్చితోలు కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగుల అల్లిక. అది తడిసిన కుళ్లును, ఎండిన బిరుసెక్కును. పదునుచేయునపుడు కొన్ని ద్రవ్యములు ఈ పోగుల నడుమ చేరి, వాటిని ఒకదానితో నొకటి బంధించును. దక్షిణ భారతమున తంగేడు పట్ట, కరక్కాయ ఇందుకు తరతరములుగ ఉపయోగపడినవి. మన చేల గట్లపై పచ్చగ పూయు తంగేడే ఇది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున క్రోమియం లవణములతో పదునుచేయు పద్ధతి వ్యాపించెను. పచ్చితోలు నీటిలో సుమారు 60-65 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ముడుచుకొనిపోవును; క్రోమియం తోలు సుమారు 100 డిగ్రీలవరకు తట్టుకొనును. తోలునకు గల గొప్ప గుణమేమనగా, దాని పోగులు చెమటను పీల్చుకొని మెల్లగ వెలుపలికి విడుచును.

1969లో అమెరికాలో రాబర్ట్ గోర్, టెఫ్లాన్ అను ప్లాస్టిక్‌ను వేడిచేసి ఒక్కసారిగ సాగదీసి, కంటికి కానరాని రంధ్రములు గల పొరగ మార్చెను. దాని రంధ్రము వానచుక్కకంటె సుమారు 20,000 రెట్లు చిన్నది; నీటిఆవిరి అణువుకంటె సుమారు 700 రెట్లు పెద్దది అని తయారీదారుల లెక్క. నీరు లోనికి రాదు. ఆవిరి బయటకు పోవును. అయితే ఆవిరి ఎక్కువ పీడనము గల చోటినుండి తక్కువ పీడనము గల చోటికే పోవును. చలిగ, పొడిగ నున్న వాతావరణమున ఈ పొర చక్కగ పనిచేయును. ఉక్కపోతగ నున్న వర్షాకాలపు అడవిలో లోపల వెలుపల పీడనములు దాదాపు సమానమై, దాని ప్రయోజనము తగ్గిపోవును. పైగా, బూటు అంచు మీదుగ లోపలికి వచ్చిన నీరు ఇక బయటకు పోజాలదు. వియత్నాం అడవులకు అమెరికా సైన్యము వేరొక మార్గమును అనుసరించెను: గుడ్డతో చేసిన పైభాగము, అడుగు ప్రక్కన నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు. నీటిని ఆపలేని చోట దానిని త్వరగ పోనిచ్చుటయే మేలు.

అట్ట, బరువు

1935లో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంటా రసికా శిఖరమున ఆరుగురు పర్వతారోహకులు మరణించిరి. వారి పాదరక్షలు ఆ మంచుకు తగినవి కావు. వారి మిత్రుడు విటాలే బ్రమాని ఆ దుఃఖమునుండి తేరుకొని, లోతైన గాళ్లు గల రబ్బరు అట్టను రూపొందించి 1937లో వెలువరించెను. బంకమట్టి నేలకు గాళ్లు ఎడముగ నుండవలెను. దగ్గర దగ్గరగ నున్నచో మట్టి ఇరుకుకొని అట్ట నున్ననగును. తడిసిన రాతికి మెత్తని రబ్బరు మేలు. తీవ్రమైన చలిలో కొన్ని రకముల రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోవును.

బరువు విషయమున లెక్కవేసి చూడవచ్చును. నిమిషమునకు 100 అడుగులు వేయువాడు గంటకు 6000 అడుగులు వేయును. ఒక్కొక్క పాదము 3000 మారులు లేచును. ఒక్కొక్క బూటు 300 గ్రాములు అధికమైనచో, గంటలో ఒక్కొక్క కాలు 900 కిలోగ్రాములను అదనముగ ఎత్తినట్లగును. పాదమునకు తగిలించిన బరువు, వీపున మోయు అంతే బరువుకంటె సుమారు నాలుగైదు రెట్ల శ్రమ కలిగించునని పరిశోధనలు తెలుపుచున్నవి.

బూటుపై 200, 400, 800 గ్రాములు అని వ్రాసియుండుట కలదు. అది బూటు బరువు కాదు. లోనున్న వెచ్చని పొర చదరపు మీటరునకు ఎంత తూగునో తెలుపు సంఖ్య. ఎక్కువ నడచువారికి తక్కువ సంఖ్య, కదలక కూర్చుండువారికి ఎక్కువ సంఖ్య తగును. పెద్ద సంఖ్యయే మేలని కొని, కొండ యెక్కినవాడు చెమటతో మేజోళ్లు తడిసి, కూర్చున్నపుడు వణకును.

కొలత, మేజోళ్లు

దినమంతయు నడచిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును. కనుక బూట్లను సాయంకాలమున, అడవిలో తొడుగబోవు మేజోళ్లతోనే సరిచూడవలెను. రెండు పాదములను కొలిచి పెద్దదానికి సరిపోవునది కొనవలెను. ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. లేనిచో కొండ దిగునపుడు గోళ్లు ముందుకు తగిలి కమిలిపోవును. మడమ మాత్రము లోపల జారరాదు. మడమ జారునపుడు చర్మపు పై పొరలు ఒకవైపు, లోపలి ఎముక వేరొకవైపు కదలును. ఈ ఈడ్పుచే పొరలు విడివడి, నడుమ నీరు చేరి బొబ్బ యేర్పడును. చెమర్చిన చర్మమున ఘర్షణ హెచ్చుటచే బొబ్బలు త్వరగ వచ్చును. ఉన్ని మేజోడు తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చుకొనియు తడిగ తోచదు; నూలు మేజోడు తడిసి పాదమునకు అంటుకొనును. చలి ప్రదేశములలో బిగుతుగ రెండు జతలు తొడుగుట పొరపాటు; ఒత్తిడికి రక్తము తగ్గి, పాదము మరింత చల్లబడును.

తడిసిన బూట్లను నిప్పు ప్రక్కన ఆరబెట్టరాదు. తోలు బిరుసెక్కి పగులును. లోపల పాతకాగితములు కూరి, నీడను ఆరనీయవలెను. పాలీయురిథేన్ అట్టలు గల బూట్లు కొన్ని సంవత్సరములు అలమరలో ఉన్నచో, గాలిలోని తేమకే కుళ్లి, మొదటి ప్రయాణముననే పొడిపొడిగ రాలిపోవచ్చును. వాడని బూటు కొత్తదని నమ్మరాదు. బయలుదేరకముందే వంచి చూడవలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అయినను అడవిని కాపాడు సిబ్బందియు, రాత్రివేళ చేనికి నీరు కట్టబోవు రైతును నిత్యము వేటగాడు నడచు నేలపైననే నడచుచున్నారు. 2000-2019 నడుమ భారతదేశమున ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించిరని ఒక పరిశోధన అంచనా వేసినది. కాట్లలో అధికభాగము పాదమునకు, మడమకు, పిక్కకు పడునవే. చేనికి పోవువానికి కావలసినది ఉన్నిపొర గాని, దిగుమతి చేసిన అట్ట గాని కాదు. పిక్క వరకు వచ్చు సాధారణమైన రబ్బరు బూటు, చేతిలో ఒక దీపము. నేలను, నీటిని, నడకను తెలిసికొని ఎన్నుకొనిన పాదరక్షయే మంచి పాదరక్ష.