ఎక్కకముందే ఎక్కిన బండి



తిరునాళ్లకు రంగులరాట్నపు సామానులు దిగుచుండగనే మన పిల్లలు చుట్టుమూగుదురు. "నిరుటికంటె పెద్దదట", "ఈసారి ఏనుగులు కూడ నున్నవట" అని యొకరితో నొకరు చెప్పుకొందురు. స్తంభము నిలువకముందే వారి మనస్సులు దానిపై తిరుగుచుండును. రోలర్ కోస్టరను వినోదపు బండి విషయమున నిట్టి యుత్సాహమే నేడు లోకమున పెద్దలను సైతము పట్టుకొన్నది.

ఈ బండి ఎత్తుపల్లముల పట్టాలపై పరుగెత్తును. సాధారణముగా బండిలో యంత్రముండదు. గొలుసుతో శిఖరమునకు లాగి విడిచెదరు. ఆపై భూమ్యాకర్షణమే దానిని నడపును. దిగునపుడు గడించిన వేగముతోనే తరువాతి మిట్ట నెక్కును. గాలియు రాపిడియు దారిలో కొంత వేగమును హరించును గావున, త్రోయు సాధనము మఱియొకటి లేనిచో, ఏ మిట్టయు మొదటిదానిని మించజాలదు.

1884లో న్యూయార్కు చెంత కోనీ దీవిలో థాంప్సన్ అనునాతడు తెరచిన బండి గంటకు సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే పోయెను. మన యెడ్లబండి పరుగునకు మించినది కాదు. అయినను ఐదేసి సెంట్లిచ్చి జనులు విరగబడి యెక్కిరి. 2005లో న్యూజెర్సీలో వెలసిన "కింగ్డా కా" 139 మీటర్ల యెత్తు, గంటకు 206 కిలోమీటర్ల వేగము గలది. అది 2024లో నిలిచిపోయెను. 2025లో దానిని కూల్చివేసిరి.

ఆ లోపలనే, 2019లో, సౌదీ అరేబియాలో రియాదు నగరము చెంతనున్న కిద్దియాలో అంతకు మించిన బండి రానున్నదని ప్రకటన వెలువడెను. దాని పేరు "ఫాల్కన్స్ ఫ్లైట్", అనగా డేగ పయనము. వేగము గంటకు 250 కిలోమీటర్లనియు, దారి నాలుగు కిలోమీటర్లకు పైననియు చెప్పిరి. మొదట చెప్పిన గడువు దాటిపోయెను. ఆ యేండ్లన్నియు ఔత్సాహికులు కొండ యంచున లేచుచున్న స్తంభముల ఛాయాచిత్రములను చూచి వాదులాడిరి. ఇది నిజముగా కట్టబడునా? అంత వేగము సాధ్యమా?

వట్టి యూహకును లెక్కకును గల భేద మిచ్చట తెలియును. దాని యెత్తు సుమారు 195 మీటర్లని చెప్పిరి. అంత యెత్తునుండి పడు వస్తువు, గాలి యడ్డు లేకున్నను, గంటకు సుమారు 223 కిలోమీటర్ల వేగమునే పొందును. బరువు హెచ్చినను తగ్గినను ఈ లెక్క మారదు. కావున 250 రావలెనన్నచో త్రోయు శక్తి మఱియొకటి యుండి తీరవలెను. ఆ పని పట్టాల వెంబడి అమర్చిన విద్యుదయస్కాంతములు చేయును. ఈ విధముగా కాగితముపై వేసిన చిన్న లెక్క పుకారులలో నేది నిలుచునో, ఏది తేలిపోవునో చెప్పగలదు. తుదకు 2025 డిసెంబరు నెలాఖరున ఆ యుద్యానము తెరచుకొన్నది.

ఈ దూరదేశపు వార్త మనకేల యందురేమో. మన పల్లెలనుండి సౌదీకి పనికై పోయిన బిడ్డలు పెక్కుమంది కలరు. సెలవునాడు "తాతా, నేనా బండి యెక్కెదను" అని మనుమడు ఫోనులో చెప్పినచో మనమేమనవలెను? భయమున వలదనుట తేలిక. అంతకంటె మేలైనది తగిన ప్రశ్న వేయుట. పట్టాకు పైనను, ప్రక్కనను, క్రిందను మూడు విధముల చక్రములు పట్టియుండుటచే బండి లేచిపోదు. దారిని భాగములుగా విభజించి, ముందరి బండి యొక భాగమును వదలినగాని వెనుకటిదానిని అందు ప్రవేశింపనీయరు. మనుష్యులను ఎక్కించుటకు ముందు బరువులు నింపి పలుమారులు నడపి చూతురు. ఇన్ని యేర్పాటులున్నను, నిర్వాహకులు చెప్పిన యెత్తు, ఆరోగ్య నియమములను పాటించుటయు, అడ్డుకమ్మిని సడలింపకుండుటయు ఎక్కువాని విధి. గుండెజబ్బు, మెడనొప్పి, నడుమునొప్పి గలవారు క్రిందనుండి చూచి సంతసించుటయే యుక్తము.

కావున మనుమని ఉత్సాహమును చల్లార్పకుడు. "నియమములు చదివితివా? కమ్మి బిగించిరా?" అని యడుగుడు. అటుపిమ్మట, ఎట్లున్నదో వచ్చి చెప్పుమనుడు. ఎక్కకముందు వాడు కన్న కలకును, దిగినపిమ్మట చెప్పు మాటకును మీరే మొదటి శ్రోతలగుదురు.