నోట నీళ్ళు పోసే బల్లి

మన ఇళ్ళల్లో పింగాణీ కప్పు అంచు విరిగితే చాలు, పెద్దవాళ్ళు దాన్ని పెరట్లోకి పంపేస్తారు. పగిలింది ఇంట్లో ఉండరాదట! స్పెయిన్ దేశంలో, బార్సెలోనా నగరంలో పగిలిన పెంకులే ఒంటినిండా పొదిగిన బల్లి ఒకటి ఉంది. దాన్ని చూడటానికి దేశదేశాల జనం టిక్కెట్లు కొనుక్కుని వెళుతున్నారు. పోయిన వేసవిలో మేమూ కొన్నాం.

బల్లి అంటే గోడమీది బల్లి అనుకునేరు! పార్క్ గ్వెల్ అనే ఉద్యానంలో, మెట్లవరుస నడుమ పాకుతున్నట్లున్న ఎనిమిదడుగుల జంతువది. ఒళ్ళంతా నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల తళుకు. సాలమాండర్ అని కొందరు, డ్రాగన్ అని కొందరు అంటారు. దాని చుట్టూ మూగిన జనాన్ని చూసి మా ఆవిడ, “కంచిలో బంగారు బల్లిని తాకినట్లు తాకబోతున్నారేమిటండీ!” అంది. కాపలామనిషి పాపం వారిస్తూనే ఉన్నాడు.

దీన్ని కల్పించినవాడు ఆంతోనీ గౌడీ. వంపులు తిరిగిన ఒంటికి చదునైన పలకలు అతకవు. అందుకని పలకల్ని పగలగొట్టి, ముక్కల్ని సున్నంలో పొదిగించాడు. పనికిరావని పారేసిన పలకలూ ఇందుకు అక్కరకు వచ్చాయి. అక్కడి భాషలో ఈ పనితనాన్ని ట్రెంకాదీస్ అంటారు.

అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది రంగులు కావు, నీళ్ళు. ఆ చోటు ఒకప్పుడు చెట్టూచేమా పెద్దగా లేని బోడికొండ. మెట్లపైన 86 స్తంభాల మంటపం. దాని కప్పే ఒక విశాలమైన మైదానం. మైదానంలో కురిసిన వాన ఇసుకలోంచి, రాళ్ళలోంచి వడిసి, స్తంభాల లోపలి గొట్టాల వెంట దిగి, అడుగున ఉన్న తొట్టిలో చేరుతుంది. పన్నెండు లక్షల లీటర్లు పడుతుందట! తొట్టి నిండి పొర్లిన నీరు బల్లి నోటినుంచి బయటకు రావాలని ఏర్పాటు. మన గుళ్ళలో అభిషేకజలం మకరముఖంలోంచి జారడం చూచిన కళ్ళకు ఇది కొత్తగా తోచదు.

ఇంత చేసీ, అసలు తలపెట్టింది సాగలేదు. యూసేబి గ్వెల్ అనే మిల్లు యజమాని 1900లో అక్కడ అరవై స్థలాలు వేసి శ్రీమంతులకు అమ్మజూపాడు. కొండమీదికి ఎవరు పోతారు? కట్టినవి రెండే ఇళ్ళు. 1914లో పని ఆపేశారు. గ్వెల్ పోయాక నగరపాలకసంస్థ కొనుక్కుని, 1926లో ప్రజలకు తెరిచింది. వ్యాపారం గెలిచి ఉంటే ఆ బల్లి అరవై కుటుంబాల సొత్తయ్యేది.

అందరిదీ అయినదానికి ఆపదలూ ఎక్కువే. 2007 ఫిబ్రవరిలో కొందరు దుండగులు దాని ముట్టె పగలగొట్టారు. తర్వాత బాగుచేశారు. నేను వంగి మరీ చూచాను. ఏది పాత పెంకో, ఏది కొత్త పెంకో నా కంటికి ఆనలేదు.